వాన ఏడాది బెల్లం ఆవకాయ: ఉంచాలా, పారెయ్యాలా?

పోయిన ఎపిసోడ్‌లో సీసా మూత తీసిన చప్పుడు విని అదేంటని చాలామంది అడిగారు. అది మా అమ్మ 2023లో పెట్టిన బెల్లం ఆవకాయ. అల్ రయ్యాన్‌లో, మా సనయ్య రూములో, రెండేళ్ళు దాటాక తెరిచాం.

ఆ ఏడు ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో మా గోదావరి వైపు అకాల వానలు. కళ్ళాల్లో ధాన్యం తడిసిపోయింది. బెల్లం ఆవకాయకి మూడో రోజు ముక్కల్ని ఊటలోంచి తీసి ఎండబెడతారు, ఊటని విడిగా ఎండలో పెట్టి మళ్ళీ కలుపుతారు. ఆ ఏడు ఎండ చాల్లేదు. పాకం పలచగా ఉండిపోయింది. నేను సెలవు అయిపోయి బయల్దేరుతుంటే, "ఇది నిలవుండదు నాన్నా, వాసనొస్తే పారెయ్యి" అంది అమ్మ.

పచ్చడిని చెడగొట్టేది నీరు. ఉప్పు, బెల్లం ఆ నీటిని పట్టేసుకుని సూక్ష్మజీవులకి అందనివ్వవు. నీరెక్కువైతే బెల్లం పులిసి సారా వాసన కొడుతుంది. అందుకే అక్కడ దొరకని ఎండ ఇక్కడ పెట్టాను. జూన్‌లో నాలుగు శుక్రవారాలు పళ్ళెంలో పరిచి, దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కట్టి, డాబా మీద ఉంచాను. పొద్దువాలకముందే లోపలికి తెచ్చేవాణ్ణి. పాకం చిక్కబడ్డాక పొడి సీసాలోకి ఎత్తి, పైన నూనె తేలేలా పోశాను.

మా రూములో ఒకతను హోటల్లో పనిచేస్తాడు. ఫ్రాన్స్‌లో సోటెర్న్ అనే తీపి వైన్ గురించి చెప్పాడు. అక్కడ ద్రాక్షకి ఒకరకం బూజు పట్టి, నీరు ఇంకి, తీపి చిక్కబడుతుందట. 2012లో వాతావరణం కలిసిరాక, పేరుమోసిన షాటో డికెమ్ వాళ్ళు ఆ ఏడాది వైనే విడుదల చెయ్యలేదు. వాళ్ళు మానుకోగలిగారు. కొడుకు ఏడాదంతా ఏం నంజుకుంటాడని మా అమ్మ మానలేకపోయింది.

ఇక రుచి. రంగు నల్లబడింది. ఆవ ఘాటు పోయింది. ముందు తీపి, వెనకే పులుపు, ఆఖర్న కాస్త కారం. ముక్క తోలులా సాగుతోంది, టెంక మాత్రం గట్టిగానే ఉంది. ఖుబ్బూస్‌తో నలుగురం తిన్నాం.

ఒక్క మాట. బూజు పట్టినా, బుడగలొచ్చినా, సారా వాసనొచ్చినా పైపైన తీసేసి తినొద్దు, మొత్తం పారెయ్యండి. ద్రాక్షకి మేలు చేసే బూజు వేరు, పచ్చడి మీద పట్టే బూజు వేరు.

అమ్మకి వీడియో కాల్‌లో సీసా అడుగు చూపించాను. "ఇంకా ఉందిరా అది!" అంది. చాలాసేపు దాన్నే చూసింది. మీ సీసాలో ఉన్నది ఏ ఏడాదిదో వాయిస్ మెసేజ్ పెట్టండి.