మా ఇంటి పాత కంప్యూటరుకు ముందు ఏది కొనాలి?



సంక్రాంతి సెలవుల నుండి వచ్చేక "మీ ఇంటి కంప్యూటరు బాగయ్యిందా? ఎంతయ్యింది?" అని చాలామంది అడిగేరు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు గోడపత్రికలో రాస్తున్నాను. మీ ఇళ్ళల్లో గాని, మీ ఊరిలో ఎవరి దగ్గర గాని పాత కంప్యూటరు ఉంటే పనికొస్తుంది.

మా అన్నయ్య డిగ్రీ అయ్యేక 2021లో విశాఖపట్నంలో ఒక ఆఫీసువాళ్ళు తీసేసిన కంప్యూటరును 6,000 రూపాయలకు కొన్నాడు. దానిలో ఇంటెల్ కోర్ ఐ3 ప్రాసెసరు, రెండో తరానిది. ఆ తరం 2011లో వచ్చింది. నాకూ దానికీ ఇంచుమించు ఒకే వయసు. ర్యామ్ 4 జీబీ, హార్డ్ డిస్క్ 500 జీబీ. అన్నయ్య దానిమీద ఊరివాళ్ళకు దరఖాస్తులు రాసి పెడతాడు, ప్రింటు తీసి ఇస్తాడు. లేకపోతే వాళ్ళు పాడేరు వెళ్ళాలి. ఛార్జీ ఒకటి, ఆ రోజు కూలి ఒకటి, రెండూ పోతాయి.

అలాంటిది పోయిన ఏడాది నుండి నత్తలాగ అయిపోయింది. బటన్ నొక్కితే పని మొదలెట్టడానికి 6 నిమిషాలు. గడియారం పెట్టి చూసేను. వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని కూర్చుని వెళ్ళిపోయేవారు. మా అమ్మ "ఆ డబ్బాకి ఏటి జొరమొచ్చిందా?" అనేది.

అమ్మ దగ్గర రాజ్‌మా గింజలు సంతలో అమ్మిన డబ్బు 4,000 ఉంది. అది ఇంటి మీదికి రేకులు కొనడానికి దాచింది. అన్నయ్య అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తీసి నా చేతిలో పెట్టి "నువ్వు చదువుకుంతన్నావు కదా, ఆడు ఎర్రిగా కర్సు పెట్టకుండా సూడు" అంది. అమ్మకు చదువు రాదు. నేను చదివినది ఈ పనికి వస్తుందో రాదో నాకూ తెలీదు. కాని ఆ మాట అన్నాక ఒక్క రూపాయి కూడా ఊరికే పోకూడదు అనుకున్నాను.

ఇంక విషయానికి వస్తాను.

మొదట మేము కొన్నది 30 రూపాయల వస్తువు. మా కంప్యూటరు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ మర్చిపోయి 2011 జనవరి 1 అని చూపించేది. తేదీ తప్పితే ఇంటర్నెట్టులో చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఏదో ఎర్ర హెచ్చరిక వస్తుంది. ఎందుకంటే ప్రతి సైటుకీ ఒక ధ్రువపత్రం ఉంటుంది, దానికి ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటరు 2011లో ఉన్నాననుకుంటే ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. అన్నయ్య ఇన్నాళ్ళూ నెట్టు బాగోలేదు అనుకున్నాడు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాగ ఒక సెల్ ఉంటుంది, పేరు సీఆర్2032, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపేది అదే. మార్చేం, తేదీ నిలబడింది.

రెండోది శుభ్రం చెయ్యడం. ప్లగ్గు తీసేసి మూత విప్పితే నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మాది కట్టెల పొయ్యి, కంప్యూటరు దాని పక్క గదిలోనే. ఫ్యాను రెక్కలకు మసి, జిడ్డు, దాని మీద దుమ్ము, అట్టు కట్టినట్టు ఉంది. గాలి వెళ్ళకపోతే ప్రాసెసరు వేడెక్కుతుంది, వేడెక్కితే కాలిపోకుండా తనకు తానే వేగం తగ్గించుకుంటుంది. రంగులు వేసే కుంచె 40 రూపాయలది కొత్తది కొని దులిపేం. దులిపేటప్పుడు ఫ్యాను గిరగిరా తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ప్రాసెసరుకీ దాని మీది లోహపు దిమ్మకీ మధ్య పూసే పేస్టు ఎండిపోయి సున్నంలా రాలింది. అది గీకి కొత్తది పూసేం, 100 రూపాయలు. కంప్యూటరును కూడా ముందు గదికి మార్చేం. మోత తగ్గింది. కాని 6 నిమిషాలు 5 నిమిషాలయ్యింది, అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మిగిలిన డబ్బుతో ఏది కొనాలి?

దీనికి ఎవరినీ అడగక్కర్లేదు, కంప్యూటరునే అడగొచ్చు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కితే ఒక పట్టిక వస్తుంది. ప్రాసెసరు ఎంత పని చేస్తున్నది, ర్యామ్ ఎంత నిండింది, డిస్క్ ఎంత పని చేస్తున్నది, అన్నీ శాతాల్లో ఉంటాయి. మా దానిలో ప్రాసెసరు 15, 20 శాతం దగ్గర ఆడుతున్నది. ర్యామ్ 90 దాటింది. డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయి దిగనే లేదు.

దీని అర్థం మన వంటగదిని చూస్తే తెలుస్తుంది. ప్రాసెసరు అంటే వంట చేసే అక్క. ర్యామ్ అంటే ఆమె ముందున్న బల్ల. హార్డ్ డిస్క్ అంటే స్టోర్ రూమ్. బల్ల చిన్నదైతే ఉల్లిపాయలు తెచ్చినప్పుడు బియ్యం లోపల పెట్టాలి, బియ్యం కావలసినప్పుడు ఉల్లిపాయలు లోపల పెట్టాలి. స్టోర్ రూమ్ దూరంగా ఉంటే ఆ తిరగడానికే పొద్దు పోతుంది. భోజనం లేటయ్యిందని అక్కను తిడితే ఏం లాభం? ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కంప్యూటరు కూడా అంతే. ర్యామ్ చాలకపోతే కొంత సరుకును హార్డ్ డిస్క్ మీద పెట్టి మళ్ళీ తెచ్చుకుంటుంది.

మరి హార్డ్ డిస్క్ ఎందుకంత ఆలస్యం? లెక్క చూడండి. దానిలో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైన. కావలసిన చోటు చదివే ముల్లు కిందకు రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, ముల్లు కూడా పక్కకు జరగాలి. మొత్తం 10 మిల్లీసెకన్ల పైనే. అంటే అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న చిన్న చిన్న ఫైళ్ళయితే సెకనుకు నూరు చదివితే గొప్ప. కంప్యూటరు తెరుచుకునేటప్పుడు అలాంటివి వేలల్లో చదవాలి. ఎస్ఎస్‌డి అనే కొత్త రకంలో పళ్ళెమూ లేదు, ముల్లూ లేదు, అన్నీ చిప్పులే. ఒక మిల్లీసెకనులో చిన్న భాగం చాలు. ఈ లెక్క నోటు పుస్తకంలో వేసుకున్నాక నాకు ధైర్యం వచ్చింది. ఎస్ఎస్‌డి ముందు, తర్వాత ర్యామ్, ప్రాసెసరు అసలు వద్దు.

కాని అప్పటికే ఒక తప్పు జరిగిపోయింది. నేను సెలవులకు రాకముందే అన్నయ్య ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్ ర్యామ్ తెచ్చేడు. పెట్టబోతే దిగదు. నొక్కబోయేడు, నేను చెయ్యి పట్టుకున్నాను. మాది డీడీఆర్3, అతను తెచ్చినది డీడీఆర్4. దేని గాడి దానిదే, ఒకదానిలో ఒకటి దిగకుండా గాడి వేరే చోట పెట్టేరు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. బలవంతంగా నొక్కితే బోర్డే విరుగుతుంది. తిరిగి ఇస్తే 100 రూపాయలు కోసుకున్నారు. అందుకని పాత ర్యామ్ విప్పి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళడమే మంచిది. ఇంకొకటి, మీ విండోస్ 32 బిట్ రకమైతే 4 జీబీ మించి పెట్టినా దానికి కనబడదు. ముందు అది చూసుకోండి.

తర్వాత ఇద్దరమూ విశాఖపట్నం వెళ్ళేం. బస్సులో నాకు టిక్కెట్టు లేదు, అన్నయ్యకు రానూ పోనూ 340. దుకాణంలో ఆయన మా మాట పూర్తిగా వినకుండానే గ్రాఫిక్స్ కార్డు వేసుకోండి, లేకపోతే ఇది ఇచ్చేసి వేరే కంప్యూటరు తీసుకోండి అన్నారు. మేము ఆటలు ఆడం, దరఖాస్తులు రాస్తాం అని చెప్పేను. గొంతు వణికింది గాని చెప్పేను. అప్పుడు ఆయన చువ్వలాగ సన్నగా ఉండే ఎస్ఎస్‌డి చూపించి ఇది ఇంకా వేగం అన్నారు. అది ఎం.2 రకం. మా హెచ్61 బోర్డులో దానికి చోటే లేదు. మాకు కావలసినది 2.5 అంగుళాల సాటా రకం. అదైనా మా బోర్డులో పూర్తి వేగంతో నడవదు, పాత సాటా గొట్టంలో సెకనుకు 300 ఎంబీ మించి పోదు. ఫర్వాలేదు. మాకు పోయేది వేగంలో కాదు, ఆగడంలో.

256 జీబీది 2,300 అయ్యింది. ఈ మధ్య ధరలు పెరిగేయట. వాడిన డీడీఆర్3 ర్యామ్ 4 జీబీ 700, అక్కడే పెట్టించి చూసుకోమన్నారు గాని మా కంప్యూటరు ఊళ్ళో ఉంది కదా, పని చెయ్యకపోతే వారంలో మారుస్తామని చీటీ రాయించుకున్నాం. వైరు 80.

ఇంటికొచ్చేక పాత డిస్క్‌లోని ఫైళ్ళన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసేం. ఈ పని నెలల కిందటే చెయ్యవలసింది. మధ్యలో డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంది. ఊరివాళ్ళ కాగితాలు దాదాపు అన్నీ వచ్చేయి. ఒక ఫోల్డరు తెరుచుకోలేదు. దానిలో మా తాత ఫొటోలు ఉన్నాయి. తాత 2023లో పోయేడు. అన్నయ్య నాలుగుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు, ఈ పేపరు ఎలాగూ అమ్మ చదవదు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11ను ఇంత పాత ప్రాసెసరుకు ఇవ్వరు. అందుకని కొత్త ఎస్ఎస్‌డిలో లినక్స్ మింట్ వేసేం. అది ఉచితం. తెలుగు టైపు కూడా వస్తుంది, ఒత్తులు సరిగ్గానే పడుతున్నాయి. చిక్కు ఒక్కటే. అన్నయ్య పాత పత్రాలన్నీ అను ఫాంట్లలో చేసినవి. అవి యూనికోడ్ కాదు, లినక్స్‌లో తెరిస్తే పిచ్చి గీతల్లా ఉన్నాయి. వాటికోసం పాత డిస్క్‌ను రెండోదిగా ఉంచేం. కావలసినప్పుడు నెట్టు వైరు తీసి, దానిలోని విండోస్ తెరుస్తాడు. అది ఎన్నాళ్ళు బతుకుతుందో, ఈలోగా ఒక్కొక్క పత్రం కొత్తగా కొట్టుకుంటున్నాడు.

ఇప్పుడు బటన్ నొక్కితే 35 సెకన్లు.

మొత్తం ఖర్చు 3,690. దారిలో ఇడ్లీకి 60. మిగిలిన 250 అమ్మకిచ్చేను. అమ్మ లెక్క అడగలేదు గాని నేను చదివి వినిపించేను. యూపీఎస్ బ్యాటరీ మాత్రం కొనలేకపోయేం, 12 వోల్టులు 7 ఆంపియర్ అవర్లది. పాతది చచ్చిపోయి ఏడాది అయ్యింది. మా ఊళ్ళో సాయంత్రం కరెంటు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కసారిగా పోతే రాస్తున్న దరఖాస్తు పోతుంది, డిస్క్‌కూ మంచిది కాదు. కాఫీ డబ్బు వచ్చేక చూద్దామంది అమ్మ. రేకులు కూడా అప్పుడే.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. మన లైబ్రరీ గదిలో కిటికీ పక్కన మూసి ఉన్న కంప్యూటరు కూడా తేదీ మర్చిపోతున్నదని పదో తరగతి అక్కలు చెప్పేరు. మీరు అనుమతిస్తే ఆదివారం మూత విప్పి దులిపి, సెల్ మార్చి చూస్తాము. 30 రూపాయలు మేము నలుగురం వేసుకుంటాము.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని