కంప్యూటరునందలి ఛాయాచిత్రములు – గృహిణుల కొక మాట

పూర్వము మన యిండ్లలో నొక చిన్న పెట్టె యుండెడిది. అందు పెద్దల ఛాయాచిత్రము లొకటి రెండు, పెండ్లినాటివి నాలుగైదు గుడ్డలో చుట్టి దాచెడివారు. ఏడాది కొకసారి వానిని తీసి, దుమ్ము తుడిచి, పిల్లలకు జూపి, మఱల భద్రపఱచుట యింటి యిల్లాలి పని. నేడు ఆ పెట్టె కంప్యూటరులోనికి బోయినది. పదులుగ నుండిన చిత్రములు వేలైనవి. వానిని సంవత్సరముల వరుసను, మనుష్యుల వరుసను సర్ది చూపుటకు ప్రత్యేకముగ సాఫ్టువేరులు వచ్చినవి. అవి చక్కగ నడచినంతకాలము సుఖమే. కాని యొకనాడు ఆ సాఫ్టువేరు తెఱచినంతనే మూతపడును; మఱల తెఱచిన మఱల మూతపడును. అట్టి సమయమున చిత్రము లన్నియు బోయినవని యింటిల్లిపాదియు గుండెలు బాదుకొనుట కలదు. తొందరపడి యేదో యొకటి నొక్కి, నిజముగనే పోగొట్టుకొనుటయు గలదు. కావున నీ విషయమున మన సోదరీమణులు తెలిసికొనదగిన సంగతులను కొన్నింటి నిచ్చట వ్రాయుచున్నాము.

మొట్టమొదట గ్రహింపవలసినది, చిత్రము వేఱు, సాఫ్టువేరు వేఱు. పెక్కు సాఫ్టువేరులలో చిత్రములు ఫోల్డరులయం దెప్పటివలెనే యుండును. ఏ చిత్రమెచ్చట నున్నది, అందలి ముఖమెవరిది, దాని పేరేమి యను వివరములను మాత్రము సాఫ్టువేరు తన ఖాతాపుస్తకమున వ్రాసికొనును. దీనినే డేటాబేసు అందురు. డిజికామ్ అను ఉచిత సాఫ్టువేరును, అడోబీవారి లైట్‌రూమ్ క్లాసిక్‌ను ఈ పద్ధతివే. ఖాతాపుస్తకము చెడినయెడల సాఫ్టువేరు మూతపడవచ్చును గాని, అంతమాత్రమున చిత్రములు చెడవు. కిరాణాకొట్టువాని చిట్టా తడిసినంతమాత్రమున కొట్టులోని బియ్యము పోవునా? అయితే యొక్క భేదము కలదు. ఆపిల్‌వారి ఫోటోస్ సాఫ్టువేరు సాధారణముగ చిత్రములను గూడ తన లైబ్రరీలోనే దాచుకొనును. అట్టి లైబ్రరీని పనికిరాని దనుకొని తీసివేసినచో చిత్రములును దానితో బోవును.

ఇక చేయవలసిన మొదటి పని మరమ్మతు గాదు, నకలు తీయుట. ఆవకాయజాడీ చెమ్మగిల్లినపుడు తెలివిగల యిల్లాలు ముందు పచ్చడిని వేఱొక జాడీలోనికి మార్చి, ఆ పిమ్మటనే బీటను వెదకును. అట్లే చిత్రముల ఫోల్డరులను, ఖాతాపుస్తకమునుగూడ వేఱొక హార్డుడిస్కులోనికి నకలు చేసికొని, నాలుగైదు చిత్రములను తెఱచి చూచుకొనవలెను. నకలు తీయునపుడే తప్పులు చూపుచున్నను, డిస్కునుండి టిక్కుటిక్కుమను శబ్దము వచ్చుచున్నను, దోషము డిస్కుదే కావచ్చును. అంతటితో ప్రయోగములు మాని నిపుణునకు జూపవలెను.

తరువాత లక్షణములు గమనింపవలెను. తెఱచినంతనే మూతపడుచున్నచో ఖాతాపుస్తకమునో, సాఫ్టువేరునో శంకింపవచ్చును. ఒక ఫోల్డరు తెఱచినపుడే మూతపడినయెడల అందొక చెడిన చిత్రమో, వీడియోయో యుండవచ్చును. చిత్రమును దిద్దునపుడు మూతపడుచున్నచో మెమరీ చాలకుండుటయో, గ్రాఫిక్సు డ్రైవరు పాతబడుటయో కారణము కావచ్చును. సాఫ్టువేరు లన్నియు నట్లే మూతపడుచున్నచో రోగము కంప్యూటరుదే.

చికిత్సయం దల్పమైనది ముందు, పెద్దది వెనుక. కంప్యూటరు నొకసారి ఆపి తెఱచుట, డిస్కులో చోటున్నదా యని చూచుట, సాఫ్టువేరునకును డ్రైవరునకును క్రొత్త అప్‌డేటు లెక్కించుట – ఇవి మొదటి మెట్టు. విండోసునందలి ఫోటోస్‌కు సెట్టింగులలో రిపేరు, రీసెట్టు అను రెండు మార్గములు కలవు. రిపేరు చేసి చూచి, అది ఫలింపనినాడే రీసెట్టు చేయవలెను. ఏలయన రీసెట్టువలన ఆ సాఫ్టువేరు వ్రాసికొనిన వివరములు చెఱిగిపోవును. ఆపిల్ కంప్యూటరునందు కమాండు, ఆప్షను అను మీటల నొక్కి పట్టి ఫోటోస్‌ను తెఱచిన లైబ్రరీని బాగుచేయవలెనా యని యదియే యడుగును. ఖాతాపుస్తకమును మార్చవలసివచ్చినను దానిని పాఱవేయరాదు. సాఫ్టువేరును మూసి, పాతదానికి వేఱొక పేరు పెట్టి యుంచవలెను.

చెడిన చిత్రమును వెదకుటకు సులువైన యుపాయ మొకటి కలదు. ఫోల్డరులో 1024 చిత్రములున్న వనుకొందము. సగము వేఱొక ఫోల్డరులోనికి మార్చి చూడుడు. సాఫ్టువేరు మూతపడకున్నచో దోషము మార్చిన సగమున నున్నది. ఆ సగమును మఱల సగము చేయుడు. చెడినది యొక్కటే యైనచో పది మాఱులలో దొరకును. దొరకినదానిని చెఱిపివేయక వేఱుగ నుంచవలెను. మఱియొక సాఫ్టువేరులో నది తెఱచుకొనవచ్చును. లేదా బంధువులకు బంపిన నకలు వారియొద్ద నుండవచ్చును.

పాత సాఫ్టువేరును వదలని యిండ్లును గలవు. గూగుల్‌వారు 2004 లో కొనిన పికాసాకు 2016 లో స్వస్తి చెప్పిరి. 2017 నుండి ఐఫోనులలో హెచ్.ఇ.ఐ.సి. అను క్రొత్త రకపు చిత్రములు వచ్చినవి. తన తరువాత పుట్టినవానిని పాత సాఫ్టువేరు గుర్తింపలేకపోవుట వింత గాదు. పికాసాలో దిద్దిన చిత్రములను సేవు చేయనిచో ఆ దిద్దుబాటులు మూలచిత్రమున జేరవు. వేఱొక సాఫ్టువేరులో చిత్రము మునుపటివలెనే కానవచ్చును. కావున అది నడచుచుండగనే వానిని సేవు చేసికొని మఱియొకదానికి మారుట మేలు.

చివరకు ముందుజాగ్రత్తనుగూర్చి యొక మాట. చిత్రములకు మూడు ప్రతు లుండవలెను. అందు రెండు వేఱువేఱు సాధనములపై నుండవలెను. ఒకటి యింటికి వెలుపల, పుట్టినింటనో, క్లౌడునందో యుండవలెను. ఫోనును క్లౌడును సింకు చేసినచో నొకచోట చెఱిపినది రెండవచోటను చెఱిగిపోవచ్చును. దానినే రెండవ ప్రతి యని నమ్మి యుండరాదు. అట్లే పేర్లను, తేదీలను ఖాతాపుస్తకమునకే వదలక చిత్రములోనే వ్రాయించుకొనవలెను. డిజికామ్‌వంటివానియందు దీనికి సౌకర్యము కలదు.

సోదరీమణులారా! సాఫ్టువేరు చెడిన మఱియొకటి తెచ్చుకొనవచ్చును. చిత్రమునకు నకలుండిన నదియు దొరకును. కాని పాత చిత్రమున మూడవ వరుసలో నిలుచున్న యామె యెవరో చెప్పగల అమ్మమ్మ మన యింట నెల్లకాలము నుండదు. నకలు తీయు నాడే యామెను ప్రక్కను గూర్చుండబెట్టుకొని పేర్లడిగి వ్రాసికొనుడు. ఆ వివరము లే కంప్యూటరును దిరిగి యీయజాలదు.