గూడెం ఎంచుకున్న నెచ్చెలి: బస్తర్‌లో బృంద సేవ నేర్పుతున్న పాఠం

వైద్యుడు లేని గూడెంలో జ్వరంతో ఉన్నవారిని ముందుగా గుర్తించేదెవరు? ఇచ్చిన మాత్రను నమ్మి మింగేలా చేసేదెవరు? ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఈ రెండు ప్రశ్నలకూ రెండు దశాబ్దాలుగా వినిపిస్తున్న సమాధానం ఒక్కటే: మితానిన్. ఆమె గూడెం మనిషి. గూడెంవాసులే ఆమెను ఎన్నుకున్నారు. ఆమె మాటకు విలువ వచ్చింది ఆ ఎన్నిక వల్లనే. సమాజ సేవా రంగంలో ‘బృందంతో పని’ అని వ్యవహరించే పద్ధతికి మూలసూత్రం కూడా ఇదే.

అంతర్జాతీయ సంఘం ఆశయం

సమాజ సేవకు మూడు ప్రధాన మార్గాలున్నాయి. వ్యక్తితో పనిచేయడం ఒకటి, సముదాయంతో పనిచేయడం మరొకటి. ఈ రెంటికీ నడుమ నిలిచేది చిన్న బృందంతో పనిచేసే మార్గం. అమెరికా నగరాల్లో వలస కార్మికుల కోసం ఏర్పడిన సేవా కేంద్రాలలో, యువజన సంఘాలలో ఇది రూపుదిద్దుకుంది. దీనికి శాస్త్రీయమైన పునాది వేసినవారిలో గ్రేస్ కాయిల్ ప్రముఖురాలు. వ్యవస్థీకృత బృందాల లోపల జరిగే సామాజిక ప్రక్రియలను వివరించిన ఆమె గ్రంథం 1930లో వెలువడింది.

కాలక్రమంలో ఈ పద్ధతికి విశ్వవిద్యాలయాలలో ప్రాధాన్యం తగ్గింది. దానికి మళ్ళీ ప్రాణం పోయాలన్న సంకల్పంతో కేథరిన్ పాపెల్, బ్యూలా రోత్‌మన్ 1978లో ఒక పత్రికను ప్రారంభించారు. మరుసటి ఏడాది, 1979లో, కాయిల్ స్మృత్యర్థం క్లీవ్‌లాండ్‌లో సదస్సు జరిగింది. ఆ కృషిలోంచి పుట్టిన సంస్థే నేటి అంతర్జాతీయ బృంద సమాజ సేవా సంఘం. ఏటా సదస్సులు నిర్వహించడం, క్షేత్రస్థాయిలో చేపట్టే చిన్న ప్రయోగాలకు చేయూతనివ్వడం, బృందాలతో పనిచేసేవారికి ప్రమాణాలు రూపొందించడం దాని ప్రధాన కార్యకలాపాలు.

ఆ ప్రమాణాల సారాంశం సరళమైనది. బృందంలోని సభ్యులు ఒకరికొకరు సాయపడాలి, కార్యకర్త ఆ సాయానికి దారి సుగమం చేయాలి. బృంద జీవితాన్ని సన్నాహం, ఆరంభం, మధ్య దశ, ముగింపు అని నాలుగు అంకాలుగా విభజించి, ఒక్కొక్క దశలో పాటించవలసిన జాగ్రత్తలను అవి వివరిస్తాయి.

మితానిన్ ఎవరు?

ఛత్తీస్‌గఢీ భాషలో మితానిన్ అంటే నెచ్చెలి. ఇద్దరు బాలికలు సంప్రదాయబద్ధంగా స్నేహబంధం కలుపుకుంటే అది జీవితాంతం నిలుస్తుంది, రెండు కుటుంబాలనూ కలుపుతుంది. రాష్ట్రం ఏర్పడిన రెండేళ్ళకు, 2002లో మొదలైన ఆరోగ్య కార్యక్రమానికి ఈ పేరే పెట్టారు. గ్రామానికి ఒకరు చాలరు, ప్రతి గూడేనికీ ఒక మితానిన్ ఉండాలన్నది నాటి నిర్ణయం. గూడేన్ని అక్కడ పారా అంటారు. ఆమెను అధికారులు నియమించలేదు. గూడెంవాసులే కూర్చుని, చర్చించి ఎంచుకున్నారు. పెద్ద చదువులు ఉండి తీరాలని పట్టుబట్టలేదు. ఆమెకు తోడుగా గూడెం మహిళలతో ఆరోగ్య బృందాలు ఏర్పడ్డాయి. నేడు రాష్ట్రమంతటా దాదాపు 70 వేల మంది మితానిన్‌లు పనిచేస్తున్నారు. 2005లో దేశవ్యాప్తంగా వచ్చిన ఆశా కార్యకర్తల వ్యవస్థకు ఈ అనుభవం ఒక ప్రేరణ.

అంతర్జాతీయ ప్రమాణాలు ‘సన్నాహం’ అని పేర్కొన్న దశను బస్తర్ గూడేలు ఈ విధంగా ఆచరణలో పెట్టాయి. సభ్యుల సమ్మతి ముందు, పని తరువాత.

బస్తర్‌కు బృంద జీవనం కొత్తది కాదు. మురియా గోండుల గోటుల్‌లో చెలిక్‌లు, మోటియారీలు అని పిలిచే యువతీ యువకులు తమ నాయకత్వాన్ని తామే నిర్ణయించుకునేవారు, పనులు పంచుకునేవారు. ఆ వ్యవస్థను వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన గ్రంథంలో సవివరంగా నమోదు చేశారు.

మలేరియాపై పోరులో

బృంద బలానికి అసలైన పరీక్ష 2020 జనవరిలో ఎదురైంది. ఏడు జిల్లాల బస్తర్ డివిజన్‌లో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం ఆరంభమైంది. జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటా ప్రతి ఒక్కరికీ రక్తపరీక్ష చేయాలన్నది దాని విధానం. తొలి విడతలో మలేరియా బయటపడినవారిలో సగానికి పైగా మందికి ఏ లక్షణాలూ లేవు. ఒంట్లో బాగానే ఉన్న మనిషి సూదిపోటుకు వేలు ఎందుకు చాపాలి? చేదు మాత్రలు ఎందుకు మింగాలి? కరపత్రం ఈ సందేహాన్ని తీర్చలేదు. తమ భాషలో, తమ ముంగిట కూర్చుని చెప్పే మనిషి తీర్చగలదు. ఆరోగ్య సిబ్బందితో కలిసి మితానిన్‌లు ఆ పని చేశారు.

తెలుగు నేలతో బంధం

ఈ పాఠం మనకూ సుపరిచితమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి చేరిన మహిళలు సారా దుకాణాన్ని ఎదిరించారు. చదువు కోసం ఏర్పడిన బృందం తన సమస్యను తానే గుర్తించింది. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

బస్తర్ దక్షిణపు కొసన కొంటా, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు మాట వినిపిస్తుంది. 2005 తరువాత హింసకు తాళలేక గోదావరి వైపు తరలివచ్చిన గుత్తికోయలు నేడు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో నివసిస్తున్నారు. వారితోపాటు ఇళ్ళు తరలివచ్చాయి, కానీ ఒకరి మంచిచెడ్డలు ఒకరు చూసుకునే పాత గూడెం అక్కడే చెదిరిపోయింది. కొత్త చోట ఆరోగ్య సేవ అందించేవారికి ఔషధాల సంచి ఎంత ముఖ్యమో, వారి భాష తెలిసిన ఒక మనిషి, వారు నమ్మే ఒక బృందం అంతే ముఖ్యం.

ముందున్న సవాలు

సర్వేలు, రిజిస్టర్లు, పథకాల లక్ష్యాలు పెరిగేకొద్దీ గూడెం మనిషి క్రమంగా శాఖ మనిషిగా మారే ప్రమాదం ఉంది. తగిన పారితోషికం ఆమె హక్కు, అందులో సందేహం లేదు. అయితే ఆమె జవాబుదారీ పైఅధికారికి మాత్రమే పరిమితమైతే, గూడెం ఆమెను ఎంచుకున్న కారణమే మిగలదు. గూడెం మహిళలు తమ భాషలో, తమకు వీలైన వేళ కూర్చునే సమావేశం ఏ రిజిస్టరులోనూ పెద్దగా కనిపించదు. ఆ సమావేశం ఆగకుండా చూడడమే ప్రభుత్వాలు, సేవా సంస్థలు ముందుగా చేయవలసిన పని.