పడుగుపై నట్టు జారిపడకుండా

మగ్గానికి పానాతో పనేమిటని అడిగే రోజులు పోయినవి. వెనుకటి గుంట మగ్గం కర్రలతోను తాళ్లతోను నిలిచేది. జాకార్డు పెట్టె పైకెక్కిన తరువాత నట్టులు, బోల్టులు మన ఇంటి సామానైనవి. ఆ యంత్రాన్ని 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణంలో జాకార్డు అనే ఆయన రూపొందించినాడు. దాని బోల్టు వదులైతే బిగించుకోవలసినది మాత్రం మనమే.

చిక్కల్లా ఆ పెట్టె పడుగుకు నెత్తిమీద ఉండటం. ఒకమారు నేను నిచ్చెనపై నిలిచి నట్టు బిగించుచుండగా అది పానా నోటినుండి జారి పట్టు పడుగుమీద పడినది. పద్నాలుగు పోగులు తెగినవి. మా ఇంటావిడ పూటంతా కూర్చుండి అతికినది. ఆనాడు ఆమె నన్నన్న మాటలు ఇచ్చట వ్రాయదగినవి కావు.

నోరు తెరచిన పానా నట్టును రెండు పలకలవద్ద మాత్రమే పట్టుకొనును. కొంచెం వదులున్నా బలమంతా మూలలపై పడి అవి అరిగిపోవును. రింగు పానా, సాకెట్టు చుట్టూ పట్టును గనుక జారవు. వీటిలో పన్నెండు గాట్లది ఇరుకు చోట అనుకూలం. అరిగిన నట్టుకు ఆరు మూలలదే మేలు. మూలను వదలి పలకపైనే ఒత్తునట్లు లోపలి గోడలను మలచిన సాకెట్లు కూడా ఇప్పుడు దొరుకుచున్నవి. ధర కొంచెమెక్కువైనా కొనదగినవి.

యానాంవారికి ఇంకొక తంటా కలదు. 1954 దాకా ఇక్కడ ఫ్రెంచివారి మిల్లీమీటరు, పొలిమేర దాటితే ఇంగ్లీషువారి అంగుళం. పాత సామానులో రెండూ కలిసి ఉండవచ్చును. పాత అంగుళపు పానాపై 3/8 అని ఉంటే అది బోల్టు లావు. పానా నోరు సుమారు 18 మిల్లీమీటర్లుండును. మిల్లీమీటరు పానాపై 19 అని ఉంటే అది నోటి కొలతే. ఆ నట్టుకు ఈ పానా వేస్తే ఒక మిల్లీమీటరు వదులు. అంతేగదా అనుకోవద్దు, మూలలు పోయేది దానివల్లనే.

ఇక నట్టు జారకుండుటకు అడుగున అయస్కాంతం గల సాకెట్లున్నవి. ఇవి ఇనుప నట్టునే పట్టును, ఇత్తడిని పట్టవు. అవి లేనివారు నట్టుపై పలుచని కాగితపు ముక్క వేసి సాకెట్టులోనికి నొక్కవలెను, బిర్రుగా నిలుచును. మోటారు మెకానిక్కులు గ్రీజు పూసి అంటించెదరు. మనం ఆ పని చేయరాదు. చుక్క పడిన పట్టు మరక వదలదు. మొదటి రెండు మరలు వేలితోనే ఎక్కించి, పిమ్మట పానా పట్టవలెను.

పిడి చివర నలుచదరపు మొనకు స్ప్రింగుపై చిన్న గుండు ఉండును. సాకెట్టును పట్టి ఉంచేది అదే. అది బిగిసిపోయినా అరిగినా సాకెట్టే ఊడిపడును, నట్టుకన్న బరువైన వస్తువు! పైకెక్కకముందు లాగి చూడండి. పడుగుపై పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరచండి.

సంఘం కార్యాలయంలో రెండు కొలతల పానాలు వేరువేరు పెట్టెలలో ఉన్నవి. కావలసినవారు అదే కొలత నట్టు ఒకటి వెంట తెచ్చి సరిచూసుకొని, పుస్తకంలో సంతకం చేసి తీసుకుపోవచ్చును. 13 నంబరు రింగు పానా గత నెలనుండి తిరిగి రాలేదు. ఎవరి ఇంట ఉన్నదో వారు దయచేసి తెచ్చి ఇవ్వగోరెదను.