గొంతు నొప్పి, కిడ్నీ భయం

అక్కుపల్లి సముద్రతీరం నుంచి పలాస వైపు వస్తుంటే దారి పొడవునా కొబ్బరి తోటలు, జీడి తోటలే. చూడటానికి పచ్చటి నేల. కానీ ఈ నేల మీద ఏ పిల్లాడికైనా పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బినా, మూత్రం రంగు మారినా ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతంలో ఆ లక్షణాలకు అర్థం ఒకటే అని అందరి భయం.

ఆ భయానికి కారణం లేకపోలేదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బుతో నెట్టుకొస్తున్న మనిషి లేని ఊరు అరుదు. పరిశోధకులు ఇక్కడి పెద్దవాళ్లకు పరీక్షలు చేస్తే ఐదుగురిలో సుమారు ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలైంది కూడా ఈ బాధ వల్లే.

అయితే ముఖం ఉబ్బిన పిల్లాడిని చూసిన అనుభవజ్ఞుడైన వైద్యుడు ముందుగా అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. ‘‘ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా? కాళ్ల మీద పుండ్లు లేచాయా?’’ అంటాడు. కిడ్నీ గురించి వస్తే గొంతు గురించి అడుగుతాడేమిటని తల్లిదండ్రులు తెల్లబోతారు. గొంతుకూ కిడ్నీకీ మధ్య దారి ఉంది. ఆ దారిని శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు వెతికి కనుక్కున్నారు. ఉద్దానం తల్లిదండ్రులకు ఆ సంగతి తెలిసి తీరాలి.

గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. రొంప, దగ్గు, గొంతు బొంగురుపోవడం తోడుగా ఉంటే అది దాదాపు వైరస్ పనే. నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది. పిల్లల్లో మాత్రం నూటికి 20 నుంచి 30 గొంతు నొప్పులకు గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కారణం. అప్పుడు రొంప ఉండదు. ఉన్నట్టుండి జ్వరం కాస్తుంది, గుటక పడదు, టాన్సిల్స్ ఎర్రబడి వాటి మీద తెల్లటి మచ్చలు తేలతాయి, మెడ ముందు వైపు బిళ్లలు కడతాయి.

గొంతులో ఈ క్రిమి సాధారణంగా పెద్దగా చేసే హాని లేదు. అసలు చిక్కు తర్వాత వస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసిన యాంటీబాడీలు క్రిమి ముక్కలతో కలిసి ముద్దలు కట్టి, కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నటి జల్లెడల్లో ఇరుక్కుంటాయి. అక్కడ వాపు పుడుతుంది. గొంతు నొప్పి వచ్చిన ఒకటి రెండు వారాలకు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది, కళ్ల చుట్టూ ఉబ్బుతుంది, బీపీ పెరుగుతుంది. ఇదే క్రిమి చర్మం మీద పుండ్లు లేపితే కిడ్నీ వాపు రావడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. వేడి, ఉక్కపోత ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గొంతు కంటే పుండ్ల దారినే ఈ వాపు ఎక్కువగా వస్తుంది. సముద్రం గాలి ఉక్కలో ఆడుకునే తీర గ్రామాల పిల్లల విషయంలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. ధైర్యం చెప్పే సంగతి ఏమిటంటే, సకాలంలో బీపీని, నీటి వాపును అదుపు చేస్తే ఈ పిల్లల్లో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు.

ఈ చిక్కుముడిని విప్పినవాళ్లలో అమెరికా వైద్యుడు చార్లెస్ రామెల్‌క్యాంప్ పేరు ముందు చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వ్యోమింగ్ రాష్ట్రంలోని వారెన్ వైమానిక స్థావరంలో యువ సైనికులకు గొంతు నొప్పులు, ఆ వెనకే గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం వస్తుండేవి. గొంతు నొప్పి దశలోనే పెన్సిలిన్ ఇస్తే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చని ఆయన బృందం 1950లో చూపించింది. ఆ తర్వాత ఆయన దృష్టి కిడ్నీ మీదకు మళ్లింది. స్ట్రెప్టోకాకస్‌లో ఎన్నో రకాలున్నా అన్నీ కిడ్నీని దెబ్బతీయవు. గొంతు నుంచి కిడ్నీకి చేటు తెచ్చేవాటిలో ‘టైప్ 12’ ముఖ్యమని 1953లో తేల్చారు. అదే ఏడాది మిన్నెసోటాలోని రెడ్ లేక్ అనే ఆదివాసీ ప్రాంతంలో పిల్లలకు మూకుమ్మడిగా కిడ్నీ వాపు వచ్చింది. అక్కడి పిల్లల చర్మపు పుండ్లలో ఉన్నది మరో రకం, తర్వాతి కాలంలో దానికి ‘టైప్ 49’ అని పేరు పెట్టారు. సైనికుల గొంతులనూ, పేద పిల్లల కాళ్ల పుండ్లనూ ఒకే శ్రద్ధతో చూసిన ఆ తరం వైద్యుల పుణ్యమే ఇవాళ పీహెచ్‌సీలో దొరికే చవకైన పెన్సిలిన్ వైద్యం.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోగా పెన్సిలిన్ పడితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆగుతుంది. కిడ్నీ వాపును అంత ఖాయంగా ఆపుతుందని రుజువు కాలేదు. కానీ ఆ క్రిమి ఇంట్లో మిగతా పిల్లలకు, బడిలో పక్క పిల్లలకు అంటకుండా ఆగుతుంది. ఆ రకంగా రాబోయే కిడ్నీ వాపులు తగ్గుతాయి. నోటి ద్వారా పెన్సిలిన్ గానీ, అమాక్సిసిలిన్ గానీ ఇస్తే పది రోజుల కోర్సు. మూడో రోజుకే జ్వరం తగ్గిందని చాలా ఇళ్లలో మందు ఆపేస్తారు. అది పొరపాటు.

మరి ఉద్దానం పెద్దవాళ్ల కిడ్నీ జబ్బు కూడా ఇదేనా? కాదు. ఇది వేరు, అది వేరు. గొంతు నుంచి వచ్చే వాపులో దెబ్బతినేది జల్లెడ. అందుకే మూత్రంలో రక్తం, ప్రొటీన్ కనిపిస్తాయి. ఉద్దానం రోగుల బయాప్సీల్లో ఎక్కువగా దెబ్బతిని కనిపించేవి సన్నటి గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వాపు ఉండదు, జబ్బు ముదిరేదాకా మనిషికి తెలియదు. ఎండలో శ్రమ, ఒంట్లో నీరు ఆవిరైపోవడం, తాగే నీరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అంటూ అనుమానాలు చాలా ఉన్నాయి, అసలు కారణం ఇంకా తేలలేదు. ఈ తేడా తెలియక ముఖం ఉబ్బిన ప్రతి పిల్లాడినీ చూసి ‘అదే జబ్బు’ అని గుండెలు బాదుకోవడం ఎంత తప్పో, ‘చిన్నపిల్లలకు కిడ్నీ జబ్బేమిటి’ అని ఊరుకోవడం కూడా అంతే తప్పు.

గొంతుకీ కిడ్నీకీ మరో బంధం ఉంది. దాన్ని 1968లో ఫ్రాన్స్‌లో జ్యాఁ బెర్జే అనే వైద్యుడు గుర్తించాడు. ఐజీఏ నెఫ్రోపతి అని దాని పేరు. ఇందులో గొంతు నొప్పి వచ్చిన ఒకటి రెండు రోజులకే మూత్రం ఎర్రగా మారుతుంది. ఐజీఏ అనేది ముక్కు, గొంతు, పేగుల పొరలను కాపాడే యాంటీబాడీ. ఈ రోగుల్లో దాని నిర్మాణంలో చిన్న లోపం ఉంటుంది. ఆ లోపమున్న ఐజీఏ వెళ్లి కిడ్నీలో పేరుకుంటుంది. మన చిత్తూరుకు పక్కనే ఉన్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన సాగుతోంది. దక్షిణాసియా వాళ్లలో ఈ జబ్బు వేగంగా ముదురుతోందని అక్కడి పరిశీలన. జపాన్‌లో ఒసాము హొత్త బృందం 2001 ప్రాంతం నుంచి ఈ రోగులకు టాన్సిల్స్ తీసేసి, స్టెరాయిడ్లు ఇచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. మిగతా దేశాల్లో అలాంటి ఫలితాలు నిలబడలేదు. అందుకే జపనీయులు కానివారికి కేవలం ఈ జబ్బు కోసం టాన్సిల్స్ తీయవద్దని అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల మార్గదర్శకాలు 2021లో చెప్పాయి.

ఇంతకీ ఈ టాన్సిల్స్ ఉన్నది ఎందుకు? నోరు తెరిస్తే కొండనాలుకకు అటూ ఇటూ కనిపించే రెండు ముద్దలు, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, నాలుక మొదట్లో ఉండే మరికొంత కణజాలం కలిసి గొంతు చుట్టూ ఒక వలయం కడతాయి. జర్మన్ శాస్త్రవేత్త వాల్డేయర్ 1884లో దీన్ని వర్ణించాడు కాబట్టి వాల్డేయర్ వలయం అంటారు. ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు చెక్‌పోస్టులో లారీని ఆపి సరుకు చూసినట్టు, పీల్చిన గాలిలో, మింగిన తిండిలో ఏముందో ఇక్కడ తనిఖీ జరుగుతుంది. టాన్సిల్ మీద లోతుగా గుంటలు ఉంటాయి. క్రిములు ఆ గుంటల్లో చిక్కుతాయి, లోపలి బి కణాలు, టి కణాలు అనే రోగనిరోధక కణాలు వాటిని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేయడం నేర్చుకుంటాయి. మూడు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లల్లో టాన్సిల్స్ పెద్దవిగా కనిపించడం అందుకే సహజం. యుక్తవయసు దాటాక కుంచించుకుపోతాయి.

ఈ సంగతి తెలియని రోజుల్లో వాటి మీద కత్తి విచ్చలవిడిగా తిరిగింది. 1934లో న్యూయార్క్‌లో పదకొండేళ్ల బడి పిల్లలు వెయ్యి మందిని పరీక్షించారు. అప్పటికే 611 మందికి టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని వైద్యులకు చూపిస్తే 174 మందికి ఆపరేషన్ కావాలన్నారు. వద్దన్న 215 మందిని వేరే వైద్యులకు చూపించారు. వాళ్లలో 99 మందికి కావాలన్నారు. మిగిలిన 116 మందిని మూడోసారి మరికొందరికి చూపిస్తే ఇంకో 51 మందికి కావాలన్నారు. చివరికి వెయ్యి మందిలో ఏ వైద్యుడూ కత్తి పెట్టమనని పిల్లలు 65 మందే! పిల్లల గొంతుల కంటే వైద్యుల అలవాటే ఆపరేషన్‌ను నిర్ణయించిందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కశ్మీర్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యుడు ప్యారే ఓగ్రా 1971లో ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టాడు. పోలియో చుక్కలు వేసుకున్న పిల్లలకు టాన్సిల్స్ తీస్తే, ముక్కు గొంతుల్లో పోలియోను అడ్డుకునే యాంటీబాడీలు బాగా పడిపోయాయి. 1984లో పిట్స్‌బర్గ్‌లో జాక్ ప్యారడైజ్ బృందం ఆపరేషన్‌కు ఒక గీత గీసింది. ఏడాదిలో ఏడుసార్లు, లేదా రెండేళ్ల పాటు ఏటా ఐదుసార్లు, లేదా మూడేళ్ల పాటు ఏటా మూడుసార్లు తీవ్రంగా గొంతు వాచిన పిల్లలకే దాని వల్ల మేలు. ఆపరేషన్ చేయని పిల్లల్లో కూడా చాలామందికి కాలంతో పాటు తగ్గుముఖం పట్టింది. ఇవాళ ఎందరో వైద్యులు ఈ లెక్కనే అనుసరిస్తున్నారు. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్లకు ఆపరేషన్ నిజంగా ఉపకారం చేస్తుంది.

కొందరు పిల్లలకే గొంతు పదే పదే ఎందుకు వాస్తుంది? దీనికి 2019లో అమెరికాలోని లా హోయా ఇమ్యునాలజీ సంస్థ ఒక జవాబు ఇచ్చింది. ఆపరేషన్‌లో తీసేసిన టాన్సిల్స్‌ను పరిశీలిస్తే, ఆ పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ విషాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు తక్కువగా ఉన్నాయి. బి కణాలకు సాయం చేయాల్సిన టి కణాల్లో కొన్ని వాటినే చంపుతున్నాయి. అంటే పిల్లాడు ఐస్‌క్రీమ్ తిన్నందుకో, చల్లనీళ్లు తాగినందుకో కాదు, పుట్టుకతో వచ్చిన రోగనిరోధక లోపమే కొంత కారణం. ఇది తెలిస్తే కొందరు తల్లులు అనవసరంగా పడే నింద తప్పుతుంది. రెండేళ్ల తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో లీసా వాగర్, మార్క్ డేవిస్ బృందం తీసేసిన టాన్సిల్ కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటికి ఫ్లూ టీకా ఇచ్చి యాంటీబాడీలు పుట్టించింది. కొత్త టీకాలను మనుషులకు ఇవ్వకముందే పరీక్షించే దారి అలా తెరుచుకుంది.

ముక్కు గొంతుల రక్షణను నేరుగా మేల్కొలపాలనే ఆలోచన తెలుగు నేల మీద కూడా రూపం పోసుకుంది. హైదరాబాద్ భారత్ బయోటెక్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం సాంకేతికతతో తయారుచేసిన ముక్కు చుక్కల కోవిడ్ టీకా ఇన్‌కోవాక్ 2023 జనవరి 26న విడుదలైంది.

గొంతుకు వచ్చే అంటువ్యాధుల్లో చాలా ప్రాణాంతకమైనది కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర కట్టి ఊపిరిని అడ్డుకుంటుంది. దాని విషం గుండెను తాకుతుంది. పోయిందనుకున్న ఈ జబ్బు హైదరాబాద్‌లో పోలేదు. జనం ‘కోరంటి దవాఖానా’ అని పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి రోగులు వస్తూనే ఉన్నారు. 2003 నుంచి 2006 వరకు అక్కడి కేసులను పరిశీలిస్తే 5 నుంచి 19 ఏళ్ల వాళ్లే ఎక్కువగా కనిపించారు. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ డోసులు పడినవాళ్లకు టీకా బాగా పనిచేసింది. పసితనంలో మూడు సూదులు వేయించి తర్వాతి బూస్టర్లు మరిచిపోవడమే అసలు లోపం. ఏడాదిన్నరకు, ఐదారేళ్లకు డీపీటీ, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ వేయించాలి. ఇవన్నీ ఏఎన్ఎం దగ్గర ఉచితం.

చివరిగా నొప్పి మాత్రల సంగతి. గొంతు నొప్పి అనగానే మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కలిసిన మాత్రలు అడిగి మింగడం, జెంటామైసిన్ సూది పొడిపించుకోవడం మన పల్లెల్లో మామూలైంది. ఈ మాత్రలు కిడ్నీకి రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. జెంటామైసిన్ స్ట్రెప్టోకాకస్ మీద ఒంటరిగా పనిచేయదు, కిడ్నీ గొట్టాలను మాత్రం పాడుచేయగలదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఉద్దానంలో అక్షరాలా నిజం కాకూడదు. నొప్పికి, జ్వరానికి వయసుకు, బరువుకు తగిన మోతాదులో పారాసెటమాల్, ఉప్పునీటితో పుక్కిలింత, కావలసినన్ని నీళ్లు చాలు. యాంటీబయాటిక్ అవసరమో కాదో వైద్యుడు చెప్పాలి.

పిల్లల గొంతు నొప్పి తగ్గిన మూడు వారాల దాకా, పుండ్లు మానిన ఆరు వారాల దాకా వాళ్ల మూత్రం రంగు చూస్తూ ఉండండి. రంగు మారినా, పొద్దున ముఖం ఉబ్బినా అదే రోజు పీహెచ్‌సీకి తీసుకెళ్లి మూత్ర పరీక్ష చేయమని, బీపీ చూడమని అడగండి. గొంతులో బూడిద రంగు పొర కనిపించినా, నోరు తెరవలేకపోయినా, లాలాజలం మింగలేక కారుతున్నా, ఊపిరి అందకపోయినా రేపటిదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.