ఇంకుడు గుంట

ఇంకుడు గుంట అనగా ఇంటి కప్పుపైన, పెరటిలోను పడిన వాననీటిని భూమిలోనికి ఇంకించుటకు తవ్వి, కంకరతోను ఇసుకతోను నింపిన గుంట. కొన్ని ప్రాంతాలలో దీనిని ఇంకుడు గుంత అని కూడా అంటారు. పెద్ద యంత్రాలు లేకుండా, గడ్డపార, పార, తట్టలతో ఇంటివారే దీనిని నిర్మించుకోవచ్చు. వంటగది, స్నానాల గది నీటి కొరకు తవ్వే మురుగు గుంట వేరు. ఈ వ్యాసం వాననీటి గుంటకు సంబంధించినది.

==అవసరం==
ఇంటి చుట్టూ సిమెంటు గచ్చు చేసినచో వాననీరు నేలలోనికి దిగక వీధి కాలువలో కలిసిపోతుంది. అదే ఇంటిలో బోరుబావి నుండి ఏడాది పొడవునా నీరు తోడుతుంటారు. తోడిన నీటికి తగినంత తిరిగి చేరకపోతే భూగర్భజల మట్టం పడిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 సంవత్సరంలో ప్రారంభించిన నీరు-మీరు కార్యక్రమం తరువాత ఈ గుంటలకు ప్రచారం పెరిగింది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా)లో వాననీటి సంరక్షణకు సంబంధించిన నిబంధనలు ఉన్నాయి. తమిళనాడులో 2003లో భవనాలన్నింటికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేశారు.

==స్థల నిర్ణయం==
గుంట పనిచేయుట ప్రధానంగా నేలపై ఆధారపడుతుంది. ముందుగా ఒక అడుగు లోతు చిన్న గొయ్యి తీసి నీటితో నింపి చూడాలి. ఆ నీరు ఇంకిన తరువాత మరల నింపాలి. రెండవసారి పోసిన నీరు మరునాటికి కూడా నిలిచి ఉంటే ఆ చోటు పనికిరాదు. ఇసుక పాలు ఎక్కువగా గల నేలలో నీరు త్వరగా ఇంకుతుంది. నల్లరేగడి నేలలో నెమ్మదిగా ఇంకుతుంది. పైగా ఈ నేల తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుంచించుకుపోవుటచే దగ్గరలోని గోడలు బీటలు వారవచ్చును. కావున గుంటను పునాదికి కనీసం 10 అడుగుల దూరంలో, మరుగుదొడ్డి తొట్టికి వీలైనంత ఎడంగా, పెరటి పల్లపు భాగంలో తవ్వాలి.

==నిర్మాణం==
సాధారణ గృహానికి 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు గల గుంట వాడుకలో ఉన్నది. దీనిని అడుగు నుండి ఈ క్రమంలో నింపుతారు:
* 30 అంగుళాలు - 40 మి.మీ. కంకర
* 15 అంగుళాలు - 20 మి.మీ. కంకర
* 9 అంగుళాలు - దొడ్డు ఇసుక
* 6 అంగుళాలు - ఖాళీ

గుంట అడుగున గాని ప్రక్కలకు గాని సిమెంటు పూయరాదు. మట్టినీరు లోనికి జారకుండా అంచున ఇటుకల కట్టు కట్టాలి. కప్పు నీటిని గొట్టం ద్వారా గుంటలోనికి మళ్ళించి, నిండిన తరువాత మిగులు నీరు పొర్లిపోవుటకు ఒక దారి ఉంచాలి. తవ్వకం వానలకు ముందే, వేసవిలో ముగించుట మంచిది. వదులు నేలలో ప్రక్కలు కూలే ప్రమాదమున్నందున ఒంటరిగా లోనికి దిగరాదు.

==నీటి పరిమాణం==
ఒక చదరపు మీటరుపై ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు నీరు లభిస్తుంది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల కప్పుపై 10 మి.మీ. వాన కురిస్తే 1,000 లీటర్లు వస్తాయి. పైన చెప్పిన గుంట ఘనపరిమాణం 80 ఘనపుటడుగులు, అనగా సుమారు 2,265 లీటర్లు. కాని కంకర, ఇసుక ఆక్రమించిన చోటు పోగా, ఒకేసారి పట్టే నీరు సుమారు 1,000 లీటర్లు మాత్రమే. అంతకు మించి వచ్చిన నీరు ఎంత ఇంకుతుందనేది నేలను బట్టి ఉంటుంది.

==నిర్వహణ, జాగ్రత్తలు==
ఇసుక పొరపై ఒండ్రు, ఆకులు పేరుకొన్న గుంట చూచుటకు బాగున్నా పనిచేయదు. కావున ఏటా వానాకాలానికి ముందు పై ఇసుకను తీసి కడిగి మరల వేయాలి. తొలివాన నీటిలో కప్పుపైనున్న దుమ్ము, పక్షుల రెట్టలు ఉంటాయి గనుక దానిని బయటకు వదలివేయాలి. వాన వెలసిన తరువాత గుంటలో నీరు రోజుల తరబడి నిలిస్తే దోమలు పెరుగుతాయి.

మురుగునీరు, సబ్బునీరు, పురుగుమందులు కలిసిన నీరు ఇందులోనికి వదలరాదు. ఒకసారి కలుషితమైన భూగర్భజలాన్ని శుభ్రపరచుట చాలా కష్టం. అదే నీరు ఇంటివారి బోరులోనికి, పొరుగువారి బావిలోనికి కూడా చేరుతుంది.