పుస్తకం మూశాకే అసలు చదువు

జగ్గయ్యపేట ప్రాంతంలో సిమెంటు పరిశ్రమకు ఆధారం సున్నపురాయి గనులు. జయంతిపురంలో రాంకో, ముక్త్యాలలో కేసీపీ ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయిని నమ్ముకునే. ఇలాంటి గనుల్లో మేట్‌గా, బ్లాస్టర్‌గా, ఫోర్‌మన్‌గా బాధ్యత తీసుకోవాలంటే అనుభవం ఒక్కటే చాలదు. 1961 నాటి మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం సాధారణంగా డీజీఎంఎస్, అంటే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, నిర్వహించే పరీక్ష పాసై సర్టిఫికెట్ పొందాలి. ఈ పరీక్ష రెండు మూడుసార్లు తప్పిన వారికి నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా దొరికే సలహా ఒక్కటే: ఈసారి ఇంకా గట్టిగా చదువు. అదే గైడును అదే తీరులో మరో నాలుగుసార్లు తిరగేయడమే గట్టిగా చదవడమైతే, ఆ సలహా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ప్రతి ప్రయత్నంతోనూ పుస్తకం మరింత పరిచయమవుతుంది. ఆ పరిచయాన్నే మనసు జ్ఞానమని పొరబడుతుంది. ఎదురుపడితే గుర్తుపట్టే మనిషి పేరు అడిగితే నోటికి రానట్టే, పేజీలో చూసి గుర్తుపట్టిన నిబంధన పరీక్ష హాల్లో గుర్తుకు రాదు.

ఈ తేడాను రోడిగర్, కార్పికే అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో స్పష్టంగా కొలిచి చూపారు. ఒక బృందం ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతల్లో చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం గుర్తుంటే, రాసినవారికి 71 శాతం. వారం గడిచేసరికి లెక్క తారుమారైంది. చదివినవారికి 40 శాతమే మిగిలింది, రాసినవారికి 61 శాతం నిలిచింది. పరీక్ష ముందు రాత్రి కలిగే ధీమా ఎందుకు మోసం చేస్తుందో ఈ అంకెలు చెబుతున్నాయి. జ్ఞాపకం నుంచి ఒక విషయాన్ని ప్రయత్నించి బయటికి తీసిన ప్రతిసారీ, మళ్లీ తీయడం సులువవుతుంది. కళ్లతో పేజీని తడిమినంత మాత్రాన ఆ సాధన జరగదు.

మిస్‌ఫైర్, అంటే కూరిన మందు పేలకపోవడం, గురించిన నిబంధనలే తీసుకుందాం. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద రాయాలి: మందు పేలకపోతే అక్కడికి ఎవరినీ రానివ్వకుండా ఏం చేయాలి? ఎంతసేపు ఆగాలి? పాత రంధ్రంలో కూరిన మందును ఎందుకు తవ్వి తీయకూడదు? కొత్త రంధ్రం ఎంత దూరంలో, ఏ దిశలో వేయాలి? షిఫ్టు మారితే వచ్చేవారికి ఏం చెప్పాలి? రాశాక పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర సిరాతో చేర్చాలి. రేపటి చదువు ఆ ఎర్ర గీతల దగ్గరే మొదలవ్వాలి. బ్లాస్టింగ్ అంతా ఒకేసారి ముగించి బెంచీలకు (గని మెట్లకు), ఆ తర్వాత హాలేజీకి (రవాణాకు) వెళ్లడం కన్నా ప్రశ్నలను కలగాపులగం చేయడం మేలు. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో గణితం లెక్కలతో ఇదే పరీక్షించారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవారు సాధనలో 89 శాతం సరిగ్గా చేసి, వారం తర్వాత 20 శాతానికి పడిపోయారు. కలిపి చేసినవారు సాధనలో 60 శాతమే సరిగ్గా చేసినా, వారం తర్వాత 63 శాతం సాధించారు. దూరాలు, ఎత్తులు, నిమిషాలు ఒకదాంతో ఒకటి కలిసిపోయే పరీక్షకు ఈ పాఠం బాగా పనికొస్తుంది.

తప్పు జవాబు రాస్తే అదే మనసులో నాటుకుపోదా అన్నది న్యాయమైన సందేహమే. సరిచూసుకోకుండా వదిలేస్తే ఆ ప్రమాదం ఉంది. వెంటనే సరిదిద్దుకుంటే మాత్రం జరిగేది వేరు. గట్టి నమ్మకంతో చెప్పిన తప్పును సరిదిద్దినప్పుడు, ఆ దిద్దుబాటు మరింత బాగా గుర్తుంటుందని బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే పరిశోధకులు 2001లో చూపారు. షిఫ్టు డ్యూటీ చేసేవారికి ఇంత సమయం ఎక్కడిదన్నది రెండో అభ్యంతరం. ఈ పద్ధతికి ఎక్కువ గంటలు అక్కర్లేదు, ఉన్న గంటలను విడగొట్టుకోవాలి. ఆదివారం మూడు గంటలు ఏకబిగిన కూర్చునే బదులు, ఆరు రోజులు అరగంట చొప్పున చదివితే అదే సమయం ఎక్కువ ఫలమిస్తుంది. విరామంతో చేసే సాధన బలాన్ని ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే గుర్తించారు. ఇక మూడోది, సాంకేతిక ఇంగ్లిషు పదాలంటే భయం. ముందు తెలుగులో కారణం చెప్పగలిగితే, ఆపై ఇంగ్లిషు పదాలను విడిగా సాధన చేయవచ్చు. ఏది రాలేదో, అర్థమా భాషా, అప్పుడే తేలుతుంది.

ఏ పద్ధతీ పాస్ గ్యారంటీ ఇవ్వదు. అయితే ఎన్నిసార్లు తప్పినా, ఆ వైఫల్యం తెలివి మీద ఇచ్చిన తీర్పు అనుకోనక్కర్లేదు. మారాల్సింది మనిషి కాదు, సాధన. ఈ బాధ్యత అభ్యర్థి ఒక్కడిదే అనడం కూడా అన్యాయం. 1966 నాటి వృత్తి శిక్షణ నిబంధనల కింద గనుల్లో శిక్షణ ఎలాగూ జరుగుతుంది. ప్రతి తరగతి చివర పది నిమిషాలు పుస్తకాలు మూయించి రాయిస్తే అదనపు ఖర్చేమీ ఉండదు. పేలని మందు ముందు నిలబడ్డ బ్లాస్టర్ చేతిలో గైడు ఉండదు. ఆ క్షణంలో అతణ్ణీ, వెనకున్న కూలీలనూ కాపాడేది చూడకుండా గుర్తుకొచ్చే నిబంధనే. అందుకే ఈ పద్ధతిని సర్టిఫికెట్ కోసం మొదలుపెట్టినా, ఉద్యోగం వచ్చాక కూడా మానకూడదు.